ఇరవై సెకన్ల స్నానం

ఎనిమిది మంది. ఎనిమిది స్నానాలు. నా స్టాప్‌వాచ్‌లో ఎనిమిది అంకెలు: ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై, పంతొమ్మిది, ఇరవై, ఇరవై, ఇరవై ఒకటి.

మూడోసారి చూసినా అవే వచ్చాయి. అది ఆసుపత్రి అంబులెన్సులు ఆగే చోట గోడకున్న కెమెరా తీసిన రికార్డింగు. శబ్దం లేదు. చుట్టూ మనిషెత్తు నీలం పరదాలు కట్టారు కాబట్టి లోపల మనిషి కనబడడు. పరదా అంచు కింద నుంచి నీళ్ళు మాత్రం కనిపిస్తాయి. నీళ్ళు మొదలవగానే నొక్కాను, ఆగగానే నొక్కాను.

అంతకు పన్నెండు రోజుల ముందు, పురుగుమందు సీసాల్లో నింపే షెడ్డులో ట్యాంకు పగిలింది. నూనెలాంటి ఆ మందులో తడిసిపోయిన ఎనిమిది మంది పనివాళ్ళను లారీలో వేసుకొచ్చారు. ఆ మందు ఊపిరితోనే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. అందుకని వార్డులోకి తీసుకెళ్ళే ముందే బట్టలు తీసేసి, తలతో సహా సబ్బుతో మూడు నిమిషాలు కడగాలి. ఇక్కడ ఇరవై సెకన్లే కడిగారు. సూదులన్నీ సరిగ్గానే వేశారు, కానీ చర్మం మీద మిగిలిన మందు లోపలికి దిగుతూనే ఉంది. ఐదుగురు పోయారు. దగ్గరుండి కడిగించింది హెడ్ నర్సు. ఆ సాయంత్రం నాలుగింటికి ఆమెను అరెస్టు చేయబోతున్నారు. అప్పటికి టైము రెండుంబావు.

నన్ను ఈ కేసులోకి పిలిచింది ఆమె సొంత తమ్ముడు. ఇదే ఆసుపత్రిలో కంప్యూటరు శిక్షణ గది నడిపే టెక్నీషియన్. "మా అక్కను ఎలాగైనా బయటపడెయ్యండి మేడం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే" అని నా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. పోలీసు ఉద్యోగంలో పంతొమ్మిదేళ్ళు, అది మానేశాక ప్రైవేటు డిటెక్టివుగా ఎనిమిదేళ్ళు, ఏడ్చే మగవాళ్ళను చాలామందిని చూశాను. ఇతని ఏడుపు నిజమనిపించింది. నిజమే కూడా. ఈ కేసు తలచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదవడానికి కారణం అదే.

హెడ్ నర్సు నా ఎదురుగా, నర్సులు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళు వాచి ఉన్నాయి. వార్డులో అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా.

"ఇరవై అని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తోచింది."

"తోచినట్టు చేస్తే ఒకరికి పది పడుతుంది, ఇంకొకరికి నలభై పడుతుంది. కంగారుపడే చెయ్యి ఎనిమిదిసార్లు ఒకేలా ఆగదు. మీరు లెక్కపెట్టారు."

ఆవిడ నేల చూసింది.

"పెట్టారా లేదా?"

"పెట్టాను. పైకే పెట్టాను, అటూ ఇటూ ఉన్న నర్సు పిల్లలకు తెలియాలని."

"ఇరవై వచ్చేసరికి ఏమైంది?"

"పచ్చలైటు..." అని నాలిక కరుచుకుంది.

నీళ్ళ గొట్టానికి పచ్చలైటు ఉండదు.

"ఏ పచ్చలైటు?"

"ఏదో నోరు జారింది, వదిలెయ్యండి. తప్పు నాదే అని ఇనస్పెక్టరు గారికి చెప్పేశాను. ఆయన రాసుకున్నారు కూడా."

"జైలంటే నైట్ డ్యూటీ అనుకుంటున్నారా? ఐదు ప్రాణాలు. బయటికొచ్చాక కూడా ఈ జన్మలో మిమ్మల్ని ఎవరికీ ఒక సూది వెయ్యనివ్వరు."

అప్పుడు ఆవిడ కళ్ళు తడిశాయి. జైలు మాటకు కాదు, సూది మాటకు.

"ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అలాంటి కేసు ఒక్కటి చూళ్ళేదమ్మా నేను. చూసిందంతా ఆ పై గదిలో కంప్యూటర్లోనే. పదకొండుసార్లు చేశాను ఆ ఆట. ఒక్కసారి తప్పు చేసుంటే తెలిసేది. పదకొండుసార్లూ ఒప్పే చేశాను."

అంతే. ఆ తర్వాత ఎంత గుచ్చినా ఒక్క ముక్క రాలలేదు. ఆవిడ ఎవరినో కాస్తోంది. ఎవరినో కనుక్కోవడానికి డిటెక్టివే కానక్కర్లేదు. ఆ పై గది నడిపేది ఆవిడ తమ్ముడు.

శిక్షణ గది రెండో అంతస్తులో ఉంది. నలభై రెండు మెట్లు. నా కుడి మోకాలికి ప్రతి మెట్టూ విడిగా తెలిసింది. గదిలో నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, కళ్ళకు తగిలించుకునే పెద్ద నల్లద్దాలు. అవి పెట్టుకుంటే ఎదురుగా విషం తగిలిన ఎనిమిది మంది కనిపిస్తారు. నోట్లోంచి నురగ వస్తుంది, కంటిపాప గుండుసూది తలంత అవుతుంది. ఎవరిని ముందు చూడాలి, ఎవరిని ఎంతసేపు కడగాలి, ఏ మందు ఎంత ఎక్కించాలి, అన్నీ చేతిలోని బటన్లతో చెయ్యాలి. ఆలస్యమైతే మనిషి కళ్ళముందే చచ్చిపోతాడు. ఇంకో బటను నొక్కితే లేచి కూర్చుంటాడు. చచ్చినవాళ్ళు లేచి కూర్చునే చోటు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు ఇస్త్రీ. అది అతని పేరు కాదు, స్టేషనులో మేం పెట్టిన ముద్దుపేరు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు, స్టేట్‌మెంటు రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇనస్పెక్టరు, ఈ కేసు అతనిదే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాళ్ళే పట్టుకున్నాడు.

"రండి మేడం గారూ. మోకాలు నొప్పితో రెండంతస్తులు ఎక్కారా పాపం!"

"నువ్వు లిఫ్టులో వచ్చావుగా, చొక్కా నలగకుండా."

"నలిగితే జనం గౌరవించరు మేడం. ఇదిగో, మీరు శ్రమపడకుండా నేనే చూసేశాను." గోడకున్న పెద్ద తెర మీద వేలు పెట్టాడు. కడిగే సమయం 180 సెకన్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. "నేను కూడా ఆ అద్దాలు పెట్టుకుని ఆడాను. మూడు నిమిషాలు కడిగితేనే పచ్చలైటు వెలుగుతోంది. ఇక్కడ నేర్పింది మూడు నిమిషాలు, ఆవిడ చేసింది ఇరవై సెకన్లు. దీన్ని నిర్లక్ష్యం అంటారు. నాలుగింటికి బండి వస్తుంది."

టెక్నీషియన్ తెర పక్కనే నిలబడి, ఒక నల్లద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. అక్క ముఖమే, ముడతలు లేకుండా.

నేను గదంతా చూశాను. కీబోర్డులు ఎత్తి చూశాను. ఒకదాని కింద చీటీ అంటించి ఉంది, దాని మీద పాస్‌వర్డు. తలుపు వెనక నాలుగు గుండుసూదులతో ఒక కాగితం వేలాడుతోంది, ఏడు నెలల కిందటి శిక్షణ పట్టిక. దాన్ని పీకి ఇస్త్రీ ముందు పెట్టాను.

"లెక్కలు నీకు అప్పుడూ వచ్చేవి కావు. ఇప్పుడు ప్రయత్నించు. నలభై ఎనిమిది మంది, నలుగురు చొప్పున. ఎన్ని జట్లు?"

"పన్నెండు. అయితే?"

"ఒంటిగంటన్నరకు మొదలుపెట్టి ఐదింటికి ముగించారు. మొత్తం రెండువందల పది నిమిషాలు. జట్టుకు పదిహేడున్నర. ఆటలో ఎనిమిది మంది రోగులు, ఒకటే నీళ్ళ గొట్టం. మనిషికి మూడు నిమిషాలైతే ఉత్త కడగడానికే ఇరవై నాలుగు కావాలి. పన్నెండు జట్లూ పాసయ్యాయి, కాగితం అడుగున శిక్షణ చూసే పెద్ద డాక్టరు సంతకం కూడా ఉంది. ఇరవై నాలుగు నిమిషాల పని పదిహేడున్నరలో ఎలా పట్టింది?"

ఇస్త్రీ కాగితం చూశాడు, తర్వాత టెక్నీషియన్‌ని చూశాడు. అతని చేతిలో గుడ్డ ఇంకా తిరుగుతూనే ఉంది.

"నేనే తగ్గించానండీ," అన్నాడు టెక్నీషియన్. "మర్నాడు పొద్దున్నే తనిఖీ వాళ్ళు వస్తున్నారు, ఈ పూటకే అందరూ అయిపోవాలి అన్నారు పెద్ద డాక్టరు గారు. ఇరవై సెకన్లు పెట్టాను. ఆ ఒక్క పూటకే. మళ్ళీ పెంచడం మరిచిపోయాను."

"ఏడు నెలలు మరిచిపోయావా?"

"ఏడు నెలలు."

ఆ తనిఖీలో వచ్చిన సర్టిఫికెట్టు ఆసుపత్రి గుమ్మం పక్కన అద్దం కట్టి ఉంది. లోపలికి వస్తూ చదివాను. ఏ ప్రమాదానికైనా సిద్ధం అని రాసుంది.

"పెద్ద డాక్టరు గారు నోటిమాటగా చెప్పారా, కాగితం మీద రాసిచ్చారా?" అని అడిగాడు ఇస్త్రీ.

"నోటిమాటే సార్."

"అయితే చెప్పలేదన్నమాట." ఇస్త్రీ హాయిగా వెనక్కి వాలాడు. "పోనీ తగ్గించావు, మరిచిపోయావు. ఇరవై ఆరేళ్ళ నర్సమ్మకు సొంత బుద్ధి ఉండక్కర్లేదా మేడం?"

"ఆ కేసు ముందెప్పుడూ చూడని మనిషికి బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది? మీరు నేర్పిన చోటినుంచే వస్తుంది. పదకొండుసార్లు నేర్పారు." నేను టెక్నీషియన్ వైపు తిరిగాను. "మళ్ళీ నూట ఎనభై ఎప్పుడు చేశావు?"

"ప్రమాదం అయ్యాకండీ. రెండ్రోజులు పోయాక. భయమేసి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడనుకున్నాను. పిరికితనం, అంతే కదా. అక్కడితో ఆగిపోతే బాగుండేదేమో. కానీ నాకు దగ్గరి చూపు సరిగా ఆనక, చదువుకునే కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. పెద్దక్షరాలు అందరూ చదువుతారు. తెర అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఇంకో వరస ఉంది. చివరి మార్పు అని, పక్కన తేదీ, టైము. సాఫ్ట్‌వేరు తనంతట తానే రాసుకునే వరస అది, ఎవరూ చెరపలేరు.

తేదీ ప్రమాదం జరిగిన రోజుది. టైము 11:41.

ఇస్త్రీ కూడా లేచొచ్చి చదివాడు. ఈ ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ, కింది కెమెరాకూ గడియారం ఒకటే. పొద్దున రికార్డింగు తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకున్నాను. నా చీటీ తీసి పైకి చదివాను. "మొదటి మనిషి స్నానం పదకొండూ ముప్పై ఎనిమిదికి. రెండో మనిషిది పదకొండూ నలభైకి. మూడో మనిషిది పదకొండూ నలభై మూడుకి. ఆఖరి మనిషిది పదకొండూ యాభై ఎనిమిదికి."

ఇస్త్రీ 11:41 మీద వేలు పెట్టి టెక్నీషియన్ వైపు చూశాడు.

"అది నేను కాదండీ," అన్నాడు టెక్నీషియన్ గబగబా. "పదకొండున్నర లోపే అలారం మోగింది. అందరితోపాటు నేనూ కిందికే వెళ్ళాను, స్ట్రెచర్లు మోశాను. పాస్‌వర్డు ఆ చీటీ మీద ఉంది, అందరికీ తెలుసు. ఎవరైనా వచ్చి మార్చుండొచ్చు."

"విన్నారుగా మేడం? ఎవరైనా అవ్వచ్చు. ఎవరైనా అంటే కోర్టులో ఎవరూ కాదని అర్థం."

నేను కుర్చీ లాక్కుని టెక్నీషియన్ ఎదురుగా కూర్చున్నాను. గొంతు తగ్గించాను. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అడిగాను.

"కిందే ఉన్నావు కదా బాబూ. అక్క చేస్తోంది చాలడం లేదని నీకు ఒక్కసారైనా అనిపించలేదా?"

"ఎందుకనిపించలేదండీ! రెండో అతని తల మీద సబ్బు నురగ అలాగే ఉండిపోయింది. నీళ్ళు ఆపేశారు. అది చూసి నా ప్రాణం..."

"పరదా లోపల ఉన్నావా నువ్వు?"

"లేదండీ, బయటే. లోపల అక్క, ఇంకో ఇద్దరే ఉన్నారు, ముసుగులేసుకుని."

"పరదా మనిషెత్తు. బయటికి తెచ్చే ముందు ప్రతి మనిషికీ తలతో సహా దుప్పటి చుట్టారు. రికార్డింగు మూడుసార్లు చూశాను, ఒక్కరి తలా నాకు కనబడలేదు. నీకు నురగ ఎలా కనబడింది?"

అద్దం తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. గడియ విరిగిపోయి రెక్క ఎప్పుడూ తెరుచుకునే ఉంటుందని దుమ్ము చూస్తేనే తెలుస్తోంది. సరిగ్గా కిందే అంబులెన్సులు ఆగే చోటు. నీలం పరదాలు ఇంకా అలాగే ఉన్నాయి, చుట్టూ పోలీసులు కట్టిన తాడుతో. నాలుగు వైపులా పరదాలున్నాయి, పైన కప్పు లేదు. నీళ్ళు పోయే తూము, సబ్బు డబ్బా, నేల మీద ఆరిపోయిన తెల్లటి చారలు, అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపించాయి.

"ఇక్కడినుంచి చూశావు," అన్నాను.

అతను బల్ల పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆపలేకపోయాడు.

"అలారం మోగితే కంప్యూటర్లు కట్టేసి వద్దామని ఉండిపోయాను. కిటికీలోంచి అక్క లెక్కపెట్టడం వినిపించింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. మొదటి మనిషికి ఏంటో అనుకున్నాను. రెండో మనిషికి కూడా ఇరవైకే ఆపేసరికి గుర్తొచ్చింది. ఒట్టండీ, పరిగెడదామనే లేచాను. తలుపు దాకా వెళ్ళాను. రేపు ఎవరైనా వచ్చి చూస్తే తెర మీద ఇరవై ఉంటుంది కదా, నా పేరే వస్తుంది కదా అనిపించింది. ముందు ఇది మార్చేసి దిగుదాం, అరనిమిషం పనే కదా అనుకున్నాను. మార్చాను."

"మార్చాక?"

"మార్చాక దిగి ఏం చెప్పాలండీ? మూడు నిమిషాలు కడగమంటే, ఇందాకటిదాకా ఎందుకు చెప్పలేదు అంటారు. అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈలోపు లెక్క మళ్ళీ మొదలైంది. ఒకటి, రెండు..." చెవులు మూసుకున్నాడు, ఇప్పుడు కూడా వినిపిస్తున్నట్టే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెతలోని మనిషిని ఎప్పుడైనా చూస్తే ఒక్కటి లాగి కొట్టాలని ఉండేది నాకు. ఎదురుగా కూర్చుంటే చెయ్యి లేవలేదు. అతనికి దుర్మార్గుడి ముఖం లేదు. ఫైలు పోగొట్టుకున్న గుమాస్తా ముఖం ఉంది.

"మరి నన్నెందుకు పిలిచావు?"

"అక్కను కాపాడతారని. పెద్ద డాక్టరు గారి దాకా వెళ్తారనుకున్నాను. ఇంతదాకా వస్తారనుకోలేదు."

ఇస్త్రీ పెన్ను మూత తీశాడు. అతని ముఖంలో కోపం లేదు, బాధ లేదు. "సరే, పేరు మార్చి రాస్తాను. నాలుగింటికి నాకు ఒక మనిషి కావాలి, అంతే."

"పెద్ద డాక్టరు సంగతి?"

"నోటిమాటకు వారంటు పుట్టదు మేడం. మీరే నేర్పారు."

నేర్పాను. అది కూడా నిజమే.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు. హెడ్ నర్సు. తమ్ముణ్ణి ఎక్కడ ఇరికిస్తానో అని నా వెనకే మెట్లెక్కి వచ్చినట్టుంది. ఎంతసేపటినుంచి అక్కడ ఉందో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నదని మాత్రం తెలిసింది.

"అక్కా..." అన్నాడు వాడు.

ఆవిడ వాడివైపు చూడలేదు. నన్నడిగింది. "పదకొండూ నలభై ఒకటి అన్నారు కదా. అప్పుడు నేను ఎవరిని కడుగుతున్నాను?"

"ఎవరినీ కాదు. రెండో అతన్ని అప్పుడే లోపలికి పంపారు. మూడో అతన్ని లారీలోంచి దింపుతున్నారు."

"మూడో అతను నా చెయ్యి పట్టుకుని నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా అన్నాడు. అయిపోయింది నాయనా, అయిపోయింది అన్నాను." "వాడు తెలీక తప్పు చేశాడు, చిన్నోడి ఉద్యోగం పోకూడదు అనుకున్నాను. ఏడు నెలల కిందటి తప్పును నెత్తిన వేసుకోవచ్చు అనుకున్నాను. ఆ తర్వాత ఎంతమంది?"

"ఆరుగురిని కడిగారు. నలుగురు పోయారు."

ఆవిడ తలూపింది. వార్డులో రాత్రి షిఫ్టు అప్పగించేటప్పుడు లెక్క సరిపోయిందని తలూపినట్టే ఉంది. తర్వాత నా మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్‌ని చూపించింది.

"అది నొక్కండి."

నొక్కాను. ఆవిడ వెనక్కి తిరిగి మెట్లవైపు వెళ్ళింది. వాచిన మోకాళ్ళతో, కమ్మీ పట్టుకుని దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఇస్త్రీ రాయడం ఆపాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద తాడు పైకెత్తి, పరదా తొలగించుకుని, తూము పక్కన తను ఆరోజు నిలబడిన చోటే నిలబడింది. గడియారం ఆపాను.

"యాభై రెండు సెకన్లు," అన్నాను పైకే. "వాచిన మోకాళ్ళతో."

వాడు తల ఎత్తలేదు. నాకు తెలిసి, ఆ అంకెకు వాడు ఇప్పటికే ఏదో సమాధానం వెతుక్కుంటున్నాడు. ఒక నిమిషం ఆలస్యమయ్యేది, అప్పటికే మందు దిగిపోయేది, ఇలాంటిదేదో.

కింద ఆవిడ తల పైకెత్తి కిటికీకేసి చూసింది. అరవలేదు. పక్క మంచం మీది మనిషిని లేపినట్టు, మామూలుగా పిలిచింది.

"చిన్నోడా."

గదిలో ఉన్న ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది. నలభై రెండు మెట్లు దిగనక్కర్లేదు. కుర్చీలోంచి లేవనైనా అక్కర్లేదు. అక్కా, ఇంకాసేపు కడుగు అని నోరు తెరిచి ఒక్క మాట అనుంటే చాలేది.

ఇస్త్రీ కూడా తల దించుకున్నాడు. అతని చొక్కా అలా చెమటకు తడవడం నేను మొదటిసారి చూశాను.

"చిన్నోడా," అని మళ్ళీ పిలిచింది ఆవిడ, కిందినుంచి.

ఇవాళ కూడా వాడు పలకలేదు.